చాలియార్ తీరాన టేకు వనాల నిలంబూరు

కేరళ రాష్ట్రం మలప్పురం జిల్లాలో, పశ్చిమ కనుమల పాదాల వద్ద, చాలియార్ నదీ తీరాన నెలకొని ఉన్న పట్టణం నిలంబూరు. కోళిక్కోడు నగరానికి సుమారు 70 కిలోమీటర్ల దూరంలో, తమిళనాడులోని గూడలూరు మీదుగా నీలగిరులకు పోయే రహదారిపై ఈ పట్టణం కలదు. మానవులు నాటగా నేటికీ నిలిచి ఉన్న టేకు తోటలలో ప్రపంచంలోనే అత్యంత పురాతనమైనదిగా పేరొందిన తోట ఈ పట్టణ శివార్లలో ఉన్నది. 1846లో నాటిన ఆ తోట విస్తీర్ణం 2.31 హెక్టార్లు, అనగా ఆరెకరాలకు లోపు. అందులోని వృక్షాల సంఖ్య 117గా నమోదైనది. ఒక మధ్యతరగతి రైతు మామిడి తోట కంటే పెద్దది కాని ఈ చిన్న భూఖండాన్ని చూచుటకు దేశవిదేశాల నుండి అటవీ శాస్త్రజ్ఞులు వస్తున్నారంటే, దాని వెనుక ఉన్న చరిత్రయే అందుకు కారణం.

టేకు అన్న మాటలోనే ఆ చరిత్ర కొంత దాగి ఉన్నది. మలయాళంలో ఈ చెట్టును ‘తేక్కు’ అంటారు. మలబారు తీరానికి వచ్చిన పోర్చుగీసు వర్తకులు దానిని ‘తేకా’ అని పలికారు. ఆ మాటయే ఇంగ్లీషులో ‘టీక్’ అయి ప్రపంచమంతటా వ్యాపించినది. మన ‘టేకు’ ఆ మలయాళ పదానికి దగ్గరి చుట్టమే.

ఓడలు మింగిన అడవి

పద్దెనిమిదవ శతాబ్దం చివరి నాటికి ఇంగ్లండులో నౌకా నిర్మాణానికి తగిన ఓక్ కలపకు కొరత ఏర్పడినది. నెపోలియన్‌తో జరిగిన యుద్ధాలు ఆ కొరతను మరింత తీవ్రం చేసినవి. ఓక్ కలపలోని ఆమ్లం ఇనుప మేకులను తినివేస్తుంది. టేకులోని నూనె వాటిని కాపాడుతుంది. చెదపురుగు దీని జోలికి రాదు, ఉప్పునీటికి త్వరగా చెడదు, ఎండకు వంకర పోదు. ఈ గుణాలను గుర్తించిన బ్రిటిషు నౌకాదళం బొంబాయి రేవులోని వాడియా కుటుంబపు పారసీ నిర్మాతల చేత మలబారు టేకుతో యుద్ధనౌకలను కట్టించినది. 1817లో అక్కడ జలప్రవేశం చేసిన ‘ట్రింకోమలీ’ అను నౌక ఇంగ్లండులోని హార్ట్‌పూల్ రేవులో నేటికీ నీటిపై తేలుతూనే ఉన్నది. రెండు శతాబ్దాలు దాటినా చెడని కలప ఎటువంటిదో దీనిని బట్టి ఊహించవచ్చు. అటువంటి ఓడ ఒక్కదానికి ఎన్ని మహావృక్షాలు నేలకొరిగి ఉంటాయో కూడా ఊహించవచ్చు.

కలప సరఫరా ఆగకుండా చూచుటకై ఈస్టిండియా కంపెనీ 1806లో కెప్టెన్ వాట్సన్ అను అధికారిని మలబారు అడవుల సంరక్షకునిగా నియమించినది. పేరుకు సంరక్షకుడే అయినను ఆయన ప్రధాన కర్తవ్యం రేవుకు దుంగలు పంపుట. అడవులపై కంపెనీ గుత్తాధిపత్యం ప్రకటించబడినది. తమ భూములలోని చెట్లపై తమకే హక్కు లేకుండా పోయిన స్థానిక భూస్వాములు, కలప వర్తకులు తీవ్ర నిరసన తెలిపారు. 1823లో ఆ పదవిని, గుత్తాధిపత్యాన్ని రద్దు చేయించిన మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసి, 1827లో కర్నూలు ప్రాంతపు పత్తికొండలో కన్నుమూసిన మన్రోయే ఈయన. రాయలసీమ రైతు వలెనే మలబారు భూస్వామి మొర కూడా ఆయన చెవికి ఎక్కినది. అయితే గుత్తాధిపత్యం తొలగిన తరువాత నరికివేతకు అడ్డు లేకపోయినది. ముదిరిన చెట్లతో పాటు లేత చెట్లు సైతం గొడ్డలికి బలి అయినవి. ప్రజలకు దక్కిన న్యాయం చెట్టుకు దక్కలేదు.

1840 నాటికి పరిస్థితి విషమించినది. ఆ ఏటనే మలబారు కలెక్టరుగా వచ్చిన హెన్రీ వాలెంటైన్ కనోలి, ఉన్న అడవిని కాపాడుట ఒక్కటే చాలదని, నరికిన చోట తిరిగి నాటవలెనని ప్రభుత్వానికి ప్రతిపాదించాడు. నేడు ఇది అతి సామాన్యమైన మాటగా తోచవచ్చును. ఆనాటికి అడవి అనగా దానంతట అదే పెరిగేది, మనిషి కొట్టుకొని పోయేది. నరికిన అడవిని ప్రభుత్వ ధనంతో తిరిగి పెంచవలెను, దాని ఫలితం అరవై ఏళ్ల తరువాత గాని రాదు అని చెప్పి ఒప్పించుట సామాన్యమైన పని కాదు. వాణిజ్య లాభం కొరకే పుట్టిన ఒక కంపెనీ ఇందుకు అంగీకరించుట మరింత విశేషం. స్థానిక దేవస్వం నుండి, భూస్వాముల నుండి నదీ తీర భూములను కౌలుకు తీసుకొని 1842 ప్రాంతంలో పని ఆరంభించారు.

చాత్తు మీనన్ కృషి

తొలి ప్రయత్నాలు విఫలమైనవి. టేకు గింజ చుట్టూ గట్టి పెంకు, దానిపై నూగు వంటి పీచు ఉంటాయి. నేలలో వేసిన గింజలన్నీ ఒకేసారి మొలకెత్తవు. కొన్ని ఆ ఏడు, కొన్ని మరుసటి ఏడు, కొన్ని ఎన్నటికీ రావు. అడవిలో వేసవి ఎండ, కారుచిచ్చు, ఆపై తొలకరి జల్లులు కలిసి ఆ పెంకును మెత్తబరుస్తాయి. నారుమడిలో ఆ పనిని మనిషే చేయవలసి ఉంటుంది. గింజలను నానబెట్టి, ఎండబెట్టి, మరల నానబెట్టుట అందుకు మార్గం. టేకు నర్సరీ పెంచే మన రైతులందరికీ ఈ పద్ధతి సుపరిచితమే. 1840లలో మాత్రం దీనిని చెప్పగల గ్రంథం గాని, గురువు గాని లేరు. చేసి, చెడి, మరల చేసి నేర్చుకొనవలసి వచ్చినది.

ఆ పనిని భుజాన వేసుకొన్నది కనోలి క్రింద ఉప సంరక్షకునిగా నియమితుడైన చాత్తు మీనన్ అను స్థానిక ఉద్యోగి. నారుమడులను సాకి, కూలీలను కూడగట్టి, చాలియార్ ఒండ్రు నేలలలో ఏటేటా కొత్త తోటలు వేయించాడు. 1862 వరకు, దాదాపు ఇరవై సంవత్సరాల పాటు, ఆయన పర్యవేక్షణలో నాటిన మొక్కల సంఖ్య పది లక్షలకు పైబడి ఉంటుందని అంచనా. 1846 నాటి తోటను మాత్రం ‘కనోలి ప్లాట్’ అనియే పిలుస్తున్నారు. కనోలి దూరదృష్టిని తగ్గించి చెప్పవలసిన పని లేదు. కానీ మొక్కను నాటించినది, నిలబెట్టినది చాత్తు మీనన్. తోటకు ఆయన పేరు కూడా జతపడి ఉండవలసినదని చూపరులకు అనిపించక మానదు.

వీరిరువురిలో ఎవరికీ తాము నాటించిన చెట్టు కోతకు రాగా చూచే అవకాశం లేకపోయినది. 1855 సెప్టెంబరులో కనోలి కోళిక్కోడులోని తన నివాసంలో హత్యకు గురి అయినాడు. అప్పటికి నేటి తోటలోని చెట్ల వయస్సు తొమ్మిదేళ్లు. 1858లో కంపెనీ పాలన ముగిసినది. చెట్లు మాత్రం పెరుగుతూనే ఉన్నవి.

1846 తోట మొదట సుమారు 14.8 ఎకరాలలో ఉండేది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో మిత్రరాజ్యాల సైనిక అవసరాలకై అందులో 9 ఎకరాలకు పైగా నరికివేశారు. ఆ పాటికే చెట్ల వయస్సు వందేళ్లకు చేరువైనది. మిగిలిన భాగాన్ని శాశ్వతంగా కాపాడవలెనని 1943లో నిర్ణయించారు. ఆ నిర్ణయం కొద్ది మాసాలు ఆలస్యమై ఉంటే నేడు నిలంబూరులో చూచుటకు మొదళ్లు కూడా మిగిలి ఉండేవి కావు.

తోటలో అడుగిడిన వేళ

కనోలి ప్లాట్ పట్టణానికి సుమారు రెండు కిలోమీటర్ల దూరంలో, చాలియార్‌కు ఆవలి ఒడ్డున కలదు. నదిని దాటినంతనే వెలుగు మారుతుంది. నిటారుగా లేచిన బూడిద రంగు మాన్లు, ఎక్కడో ముప్పై మీటర్ల పైన గాని విచ్చుకొనని కొమ్మలు, నేలపై చేట అంతేసి ఎండుటాకులు కనిపిస్తాయి. అన్నింటిలోకి పెద్ద చెట్టు ఎత్తు సుమారు 46 మీటర్లు. దాని చుట్టుకొలత నాలుగు మీటర్లకు పైబడి ఉన్నది. ఇద్దరు పెద్దలు చేతులు చాచి పట్టుకొన్నా అందని మాను అది. రాలిన లేత ఆకును అరచేతిలో నలిపి చూస్తే ఎర్రని రంగు అంటుతుంది. పిల్లలతో వెళ్లేవారికి ఇదొక వినోదం.

చెట్ల మధ్య దూరాన్ని గమనించుట మంచిది. టేకు తోటలో మొదట హెక్టారుకు 2,500 మొక్కల వరకు నాటుతారు. నాలుగవ ఏట మొదలుకొని కొన్నేళ్లకొకసారి బలహీనమైన వాటిని తొలగించి తోటను పలుచన చేస్తారు. ఇక్కడ నూట ఎనభై ఏళ్ల తరువాత హెక్టారుకు యాభై చెట్ల చొప్పున మిగిలినవి. మిగిలిన ప్రతి చెట్టు వెనుక దానికి వెలుతురు, నేల విడిచిపోయిన మరో నలభై తొమ్మిది చెట్లు ఉన్నాయన్నమాట.

ఇక్కడ ఒక విషయాన్ని స్పష్టం చేయుట అవసరం. సందర్శకులలో అనేకులు ఈ తోటను చూచి ‘ఎంత గొప్ప అడవి’ అని మెచ్చుకొంటారు. ఇది అడవి కాదు. ఒకే జాతి, ఒకే వయస్సు గల చెట్లను వరుసలలో నాటిన తోట. సహజారణ్యంలో టేకు ఒంటరిగా ఉండదు. ఏగిస, మద్ది, వెదురు వంటి అనేక జాతుల నడుమ అక్కడొకటి, ఇక్కడొకటిగా పెరుగుతుంది. తోటలో వర్షపు నీరు విశాలమైన టేకు ఆకులపై పోగై, పెద్ద బొట్లుగా నేలను తాకుతుంది. క్రింద పొదలు, గడ్డి లేనిచోట ఆ తాకిడికి మట్టి చెదరిపోతుంది. ఒకే జాతి చెట్లున్న చోట దాని పురుగుకు కూడా పండుగే. వేసవి జల్లులకు టేకు చిగురించిన వెంటనే హిబ్లియా అను చిమ్మట గొంగళి పురుగులు వేల సంఖ్యలో వచ్చి కొద్ది రోజులలో చెట్లను మోడులు చేస్తాయి. నిలంబూరు తోటలే ఈ పురుగుపై జరిగిన పరిశోధనలకు ప్రధాన క్షేత్రం. కలప కావలెనన్న తోట పనికివస్తుంది. పోయిన అడవికి మాత్రం తోట ప్రత్యామ్నాయం కాజాలదు. ఈ రెండింటి తేడాను ఒకే రోజున కళ్లారా చూడగలుగుట నిలంబూరు యాత్రలోని అసలైన లాభం. తోటకు కొద్ది కిలోమీటర్ల దూరంలోనే కరుళాయి, నెడుంకయం వైపు సహజారణ్యం ఆరంభమవుతుంది.

టేకు మ్యూజియం

పట్టణం నుండి గూడలూరు రహదారిలో సుమారు నాలుగు కిలోమీటర్లు వెళ్లగా కేరళ అటవీ పరిశోధనా సంస్థ ఉపకేంద్రం ఆవరణలో టేకు మ్యూజియం కలదు. ఒకే వృక్షజాతికి అంకితమైన ఈ ప్రదర్శనశాల 1995లో ప్రారంభమైనది. ప్రవేశద్వారం వద్దనే యాభై అయిదేళ్ల టేకు చెట్టు వేరు వ్యవస్థను చెక్కుచెదరకుండా నిలిపి ఉంచారు. నేలపై కనిపించే చెట్టు సగమేనని ఆ వేళ్లు చూచినవారికి అర్థమవుతుంది. పరంబికుళం అడవులలోని ‘కన్నిమర’ టేకు చిత్రం, టేకుతో చేసిన ‘ఉరు’ నౌక నమూనా, పురుగుల సేకరణ, నాటు పద్ధతుల వివరాలు ఇందులో చూడవచ్చు. నాలుగు వందల ఏళ్లకు పైబడిన వయస్సు గల కన్నిమర సహజంగా పెరిగిన చెట్టు. కనోలి ప్లాట్‌లోని పెద్ద చెట్టును చూచి వచ్చినవారు ఆ చిత్రం ఎదుట కొద్దిసేపు ఆగుట సముచితం.

నిలంబూరు టేకు లండను రాజభవనాలకు, మక్కా మసీదుకు, ఖరీదైన విదేశీ కార్లకు వెళ్లినదని స్థానికంగా అనేక కథలు చెప్పుకొంటారు. ఆ కథల నిజానిజాలు ఎట్లున్నప్పటికీ, బంగారు వన్నె గల చేవకు, పొడవైన తిన్నని దుంగలకు ఈ కలప ప్రసిద్ధి పొందినది వాస్తవం. దీనికి భౌగోళిక గుర్తింపు కూడా లభించినది. ఆరువాకోడ్, నెడుంకయం డిపోలలో అటవీ శాఖ కలపను వేలం వేస్తుంది. గ్రేడుల వారీగా పేర్చిన దుంగల వరుసలు కూడా చూడదగినవే.

నది, రైలు, వరద

రోడ్లు లేని కాలంలో ఈ కలప అంతయు చాలియార్ మీదనే ప్రయాణించినది. పచ్చి టేకు బరువెక్కువ, సరిగా తేలదు. అందువలన చెట్టు మొదలు చుట్టూ బెరడును వలయంగా నరికి, నిలువుననే ఎండనిచ్చి, తరువాత కూల్చేవారు. ఏనుగులు దుంగలను ఒడ్డుకు చేర్చేవి. వెదుళ్లతో కలిపి తెప్పలుగా కట్టి దిగువకు వదిలేవారు. భద్రాచలం అడవుల కలప గోదావరి మీదుగా రాజమండ్రికి దిగివచ్చిన రోజులను పెద్దల ద్వారా విన్న తెలుగువారికి ఈ దృశ్యం కొత్త కాదు. నిలంబూరు కలప కోళిక్కోడు వద్ద కల్లాయికి చేరేది. ఒకనాడు ప్రపంచంలోని పెద్ద కలప విపణులలో కల్లాయి ఒకటి. కోళిక్కోడులో 1848లో త్రవ్వించిన కాలువ కూడా కనోలి పేరుతోనే ఉన్నది. నది సముద్రంలో కలిసే బేపూరులో ఖలాసీలు భారీ కలపతో ‘ఉరు’ నౌకలను నిర్మించే విద్య నేటికీ సజీవంగా ఉన్నది.

1927లో షోరనూరు నుండి నిలంబూరు వరకు 66 కిలోమీటర్ల రైలుమార్గం పూర్తి అయినది. కలప కొరకే వేసిన ఆ పట్టాలను రెండవ ప్రపంచ యుద్ధకాలంలో సైనిక అవసరాలకై ఊడదీసుకొని పోయారు. స్వాతంత్ర్యం తరువాత 1954లో తిరిగి వేశారు. చెట్ల గుబురుల నడుమ సాగే ఈ మార్గం దక్షిణ భారతదేశంలోని అందమైన రైలుమార్గాలలో ఒకటి. నిలంబూరుకు వచ్చేవారు ఒకవైపైనా రైలులో ప్రయాణించుట మంచిది.

నది ఇచ్చినది ఎంతో, తీసుకొన్నది కూడా ఉన్నది. 2019 ఆగస్టు 8న నిలంబూరు సమీపంలోని కవళప్పార వద్ద కొండచరియ విరిగిపడి 59 మంది మరణించారు. ఆ వరదలలోనే కనోలి ప్లాట్‌కు వెళ్లే వేలాడు వంతెన దెబ్బతిన్నది. 2024 జూలై 30న వయనాడు జిల్లా ముండక్కై, చూరల్‌మల గ్రామాలను కొండచరియలు కబళించినపుడు పలువురి మృతదేహాలు చాలియార్ ప్రవాహంలో కొట్టుకువచ్చి నిలంబూరు ప్రాంతపు ఒడ్డులకు చేరినవి. వాటిని వెదికి వెలికితీయుటలో స్థానికులు, స్వచ్ఛంద కార్యకర్తలు రోజుల తరబడి శ్రమించారు. విహారయాత్రకు వచ్చినవారు ఒడ్డున నిలిచి ఫోటోలు తీసుకొనే ముందు ఈ నది ఏ కొండల నుండి దిగివస్తున్నదో తెలిసి ఉండుట సముచితం.

అడవి బిడ్డలు, ఆరువాకోడ్ కుమ్మరులు

నిలంబూరు అడవులు 1986లో ఏర్పడిన నీలగిరి జీవావరణ మండలంలో అంతర్భాగం. కరింపుళ వన్యప్రాణి అభయారణ్యాన్ని 2020లో ప్రకటించారు. ఈ అడవుల లోపలి భాగాలలో చోళనాయకర్ తెగవారు నివసిస్తున్నారు. రాతి గుహలలో నివసించుట, తేనె, అటవీ ఫలసాయం సేకరించుట వీరి సంప్రదాయ జీవనం. సంఖ్యలో అతి తక్కువగా ఉన్న ఈ తెగను కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా దుర్బల గిరిజన సమూహాలలో చేర్చినది. వీరి ఆవాసాలు సందర్శన స్థలాలు కావు. వీరిని చూడవలెనని అడవి లోనికి పోవుట చట్టరీత్యా, మర్యాద రీత్యా కూడ తగదు.

తెలుగు యాత్రికులు తప్పక వెళ్లదగిన చోటు మరొకటి ఉన్నది. పట్టణం చెంతనే ఉన్న ఆరువాకోడ్‌లోని కుమ్మరి కుటుంబాలు తమ పూర్వీకులు ఆంధ్ర ప్రాంతం నుండి తరలివచ్చిన వారని చెప్పుకొంటారు. వీరు ఇండ్లలో మాట్లాడుకొనే మాటలో తెలుగు ఛాయలు నేటికీ వినిపిస్తాయి. అల్యూమినియం, స్టీలు పాత్రలు వచ్చి మట్టికుండకు గిరాకీ పడిపోయిన తరువాత వీరి జీవనం చితికిపోయినది. 1990వ దశకంలో కుండల స్థానంలో అలంకరణ ఫలకాలు, తోట కుండీలు, భవనాలకు పనికివచ్చే మట్టి శిల్పాలు చేయుట ఆరంభించి కొన్ని కుటుంబాలు తిరిగి నిలదొక్కుకొన్నవి. టేకు దుంగను ఇంటికి తెచ్చుకొనలేని సందర్శకుడు ఇక్కడి మట్టి బొమ్మ ఒకటి తెచ్చుకొనవచ్చు. తెలుగు నేలతో నిలంబూరుకు ఇటీవల మరొక బంధం కూడ కలిసినది. 2022లో యునెస్కో అభ్యసన నగరాల అంతర్జాతీయ కూటమిలో చేరిన భారతీయ పట్టణాలలో త్రిసూరుతో పాటు నిలంబూరు, వరంగల్ ఉన్నవి.

యాత్రికులకు సూచనలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల నుండి వెళ్లేవారు పాలక్కాడు వరకు రైలులో చేరి, అక్కడి నుండి షోరనూరు మీదుగా నిలంబూరు రైలును అందుకొనవచ్చు. మైసూరు, ఊటీల వైపు నుండి వచ్చేవారికి గూడలూరు, నాడుకాణి కనుమ మీదుగా రోడ్డు మార్గం కలదు. ఆ కనుమ దారిలో వర్షాకాలపు రాత్రివేళ ప్రయాణించకుండుట మేలు. విమానంలో వచ్చేవారికి కోళిక్కోడుకు చెందిన కరిపూర్ విమానాశ్రయం సమీపమైనది.

జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి వర్షాలు బలంగా కురుస్తాయి. చాలియార్ పొంగినపుడు కనోలి ప్లాట్‌కు ప్రవేశం ఉండదు. నదిని దాటే ఏర్పాటు నీటి మట్టాన్ని బట్టి మారుతుంటుంది గనుక బయలుదేరే ముందే అటవీ శాఖ స్థానిక కార్యాలయంలో విచారించుకొనవలెను. శీతాకాలం వాతావరణరీత్యా అనుకూలం. అయితే జనవరి తరువాత టేకు ఆకు రాల్చుట ఆరంభిస్తుంది. ఫిబ్రవరి, మార్చి మాసాలలో వచ్చినవారు నిండు తోటకు బదులు మోడులను చూడవలసి వస్తుంది. పచ్చని తోటను చూడదలచినవారు అక్టోబరు, డిసెంబరు మాసాల నడుమ వచ్చుట మంచిది. ఎండుటాకులు మోకాలి లోతున పరచుకొనే వేసవిలో నిప్పు ప్రమాదం ఎక్కువ. అగ్గిపెట్టె, సిగరెట్టు వంటివి తోటలోనికి తీసుకొనిపోరాదు. చెట్ల మాన్లపై పేర్లు చెక్కుట శిక్షార్హమైన నేరం.